ద్రౌపదమ్మ చీరలో జానెడు సందు

"కత్తెర ఎవురు పెట్టింది?"

"నేనే పెట్టినా. ఇంకెవురు పెడతారు? ఈ ఇంట్లో మగ్గం దిగిన గుడ్డకు ముప్పై ఏండ్లుగా కత్తెర పెట్టేది నేనే గదన్నా."

"నిన్ను పెట్టమని ఎవురు చెప్పినారు మే?"

"సందు చెప్పింది. నడాన జానెడు సందు ఇడిసినావు. సందుకు ఇవతల ఒక పసుపు, అవతల ఇంకో పసుపు. కత్తెర పెట్టేదానికి కాకుంటే సందు దేనికి? సూసి మురిసిపోయేదానికా?"

"అది ఒకే చీర."

"ఒక చీరకు నడాన సందు యాడన్నా ఉంటాదా? బుద్ధి తెలిసినప్పట్నించి మగ్గాల మధ్యే బతకతా ఉండా. యాడా సూడలే."

"ఒకే చీర మే అది. రేపు ఆటలో లాగే చీర."

అంత మాత్రం అని ఆయన చాప మీద కూలబడ్డాడు. తెగిన రెండు ముక్కలను ఒళ్ళో పెట్టుకుని, అంచులను వేళ్ళతో తడుముతూ ఉండిపోయాడు.

నేత ఇండ్లలో పుట్టనివాళ్ళకు ఈ సందు సంగతి చెప్పాలి. మా దిక్కు ఒక పడుగుకు నాలుగు చీరలు దిగుతాయి. ఒక చీర అయిపోగానే జానెడు మేర నేయకుండా ఉత్త పోగులు వదిలి, ఆ పైన రెండో చీర మొదలుపెడతారు. గుడ్డ మగ్గం దిగాక ఆ సందుల్లో కత్తిరించి చీరలు వేరు చేస్తారు. సందు కనబడితే నా చేయి నన్ను అడిగే పని లేదు. ఆ రోజూ అడగలేదు.

ఆయనకూ నాకూ జగడం జరిగింది ఆ ఒక్కసారే. ఆయన పోయి ఈ వైశాఖానికి ఏడాది. మొన్న వాళ్ళింటికి పోతే మగ్గం కింద కాళ్ళు ఆడించే గుంత పూడ్చి, సిమెంటు వేసి, ఆ చోట కోడలు బియ్యం మూటలు పెట్టించుకుంటూ ఉంది. తప్పనలేను. ఇంట్లో చోటు ఊరికే ఉంచుకోకూడదు. కానీ తిరిగొచ్చి కంచంలో సగం అన్నం వదిలేశాను. కంచంలో అన్నం వదిలేసే అలవాటు నాకు లేదు. అందుకని ఆయన గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పేరు రాయను. వీధిలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నాకు అన్న, పిలకాయలకు తాత, భారతం ఆడేవాళ్ళకు వేషాలన్న. వడమాలపేట నుంచి పుత్తూరు పోయే దారిలో మాది మగ్గాల వీధి. ఇప్పుడు వీధంతా కరెంటు మగ్గాలు, ఆయన కొడుకుది కూడా. ఆ రొదలో ఒక్క ఆయన గుంత మగ్గమే టక్కుటక్కుమని మెల్లగా పలికేది. వదిన పోయినాక ఆయనకు కండెలు చుట్టే పని నాకు వచ్చింది. పొద్దున్నే బుట్ట చంకన పెట్టుకుని పోవడం, చుట్టిన కండెలు ఇవ్వడం, దిగిన గుడ్డ కత్తిరించి మడత పెట్టడం. ముప్పై ఏళ్ళు.

మనిషి బక్కపలచన. చేతులు నిదానం. కాళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా, ఆసుపత్రి బెంచీ మీద వంతు కోసం కూర్చున్నా, మగ్గం తొక్కినట్లే కుడికాలూ ఎడమకాలూ మార్చి మార్చి నేలను తొక్కుతూనే ఉండేవి. ఒకసారి తిరుపతి బస్సులో పక్కనున్న పిల్లోడు "ఏంది తాతా, యాడికి తొక్కుకుంటా పోతా ఉండావు?" అని అడిగాడు. "గుడ్డ ఇంకా దిగలేదబ్బా" అన్నాడు ఈయన. ఆ పిల్లోడు సీటు మారి కూర్చున్నాడు.

మా దిక్కు ద్రౌపదమ్మ గుడి ముందర ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, పొద్దుగూకినాక ఆట. గుడి ముందరి ఆ ఖాళీ జాగాను భారతం మిట్ట అంటాము. ఆ ఆటగాళ్ళకు గుడ్డలు నేసేది ఈయనే. కడుపు కోసం నేసే చీరలు వేరు, ఇవి వేరు. అమ్మే చీర దిగితే "నేసినా" అనేవాడు. వేషం గుడ్డ దిగితే "తెచ్చినా" అనేవాడు.

"యాడ్నించి తెచ్చినావన్నా?" అని మొదట్లో ఒకసారి అడిగాను.

"ఆ పక్కనించి."

"ఏ పక్క?"

"వాళ్ళుండే పక్క" అని పేక నూలు మోసే నాడె విసిరాడు.

దేవతలూ రాక్షసులూ ఉండే ఆ పక్క కూడా ఒక మగ్గాల వీధి ఉందట. ఆయన చెప్తుంటే మొన్ననే పోయి వచ్చినట్లు ఉండేది. రాక్షసులకు నేసేవాళ్ళంతా ఎడమచేతి వాటమట. పురి తిరగబడి, ఆ గుడ్డ కట్టుకున్నవాడికి మెడ దగ్గర గీరుకుంటుందట. వాళ్ళ కోపానికి సగం కారణం అదేనట. గంధర్వుల నేతగాళ్ళకు గుంత ఉండదు, వాళ్ళ కాళ్ళు నేలకు ఆనవు గనుక. వాళ్ళకు నూలంటే పొగమంచు. ఎండ పడకముందే కండెలకు చుట్టుకోవాలి. ఆలస్యమైతే గుడ్డలో అంతమేర తూటు పడుతుంది.

"పొగమంచును కండెకు చుట్టేదెవురు?" అన్నాను.

"ఒకామె ఉండాది. అచ్చం నీ మాదిరే గొణగతా ఉంటాది."

"గొణగదా మరి? సగం మంచు కారిపోయి ఉంటాది. ఎంత నూలు దండగ."

"మంచుకు దండగేంది మే. రేపు మళ్ళీ పడతాది."

ఇట్లాంటి మాటలు నాకు గిట్టవు. నేను మూడో తరగతి వరకు చదివాను. కంటికి కనపడేది, చేతికి తగిలేది ఉంటే చాలనుకునే మనిషిని. చీరల అంచు పోగులు కూడా పారేయకుండా పురిపెట్టి దీపం వత్తులు చేసుకుంటాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన తెచ్చిన గుడ్డలకు ఆ పిచ్చి మాటలన్నీ పనికొచ్చేవి. దుర్యోధనుడి ఉత్తరీయానికి ఒక్క కొసలోనే జరీ బరువు పెట్టేవాడు. భుజం మీంచి అది జారుతూ ఉంటుంది. జారకుండా ఉండాలంటే వేషగాడు ఆ భుజం ఎగరేసి, గడ్డం పైకెత్తి నడవాల్సిందే. పక్కింట్లో వంకాయలమ్మే మెత్తటి మనిషి కూడా ఆ గుడ్డ వేసుకుంటే పొగరుగా నడిచేవాడు. భీముడి గుడ్డకు అంచు పెట్టేవాడు కాదు. "ఇంతవరకే అని చెప్తే ఆయన వింటాడా?" అనేవాడు. ధర్మరాజు పైగుడ్డకు నూలు ఏడుసార్లు ఉతికించేవాడు నా చేత. జూదమాడే మనిషికి అరచేతులు చెమట పడతాయి, తుడుచుకుంటే మెత్తగా ఉండాలట. ఆ ఏడు ఉతుకుల నీళ్ళూ నేను బీరపాదుకు పోసుకునేదాన్ని.

గుడ్డ దిగగానే కింది పెదవికి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. "గుడ్డకు ఎవురు కట్టుకుంటారో తెలియాల మే. తెలియకుంటే అది గోనెసంచి" అనేవాడు.

ఒక ఏడు భారతం పెద్దమనిషి తిరుపతిలో కొన్న తళతళల వేషాలు మూట కట్టుకుని వచ్చాడు.

"అన్నా, ఇంక నీకు కష్టం వద్దు. అన్నీ రెడీమేడ్‌గా దొరకతా ఉండాయి. దూరానికి భలే మెరుస్తాయి."

ఈయన ఒకటి తీసి పెదవికి ఆనించాడు. తిప్పి మళ్ళీ ఆనించాడు. "దీంట్లో ఎవురూ లేరబ్బా" అన్నాడు.

"ఉంటారన్నా. సందకాడ ఆటకు కట్టుకుంటే ఉంటారు."

ఈయన నవ్వి మూట తిరిగి కట్టి ఇచ్చాడు. ఆ ఏడు ఆ మెరుపుల్లోనే ఆడారు. చెమటకు ఒళ్ళు పేలి, మరుసటేడు వేషగాళ్ళే వచ్చి ఈయన గుమ్మంలో కూర్చున్నారు.

నా సంగతి ఒకటి చెప్పాలి. మయసభ ఆటకు ఒక గుడ్డ తెచ్చాడు ఆయన. తెల్ల పడుగు, నీలం పేక. గాలి ఆడితే రంగు అటూ ఇటూ కదిలేది. దాన్ని పంచలో గచ్చు మీద పరిచి, తాను గుంతలో కూర్చుని నేస్తున్నాడు. నేను బుట్ట చంకన పెట్టుకుని గుమ్మం ఎక్కాను. గచ్చు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. కుచ్చిళ్ళు పట్టుకుని మోకాలి దాకా ఎత్తి, ఓరగా కాలు వేశాను. పొడిగా తగిలింది. నాడె చప్పుడు ఆగింది.

"తడిసిందా మే?" అన్నాడు.

"గచ్చు కడిగినారనుకున్నా" అన్నాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వీధిలో నేను నోరు తెరిస్తే పెద్దవాళ్ళు కూడా తలవంచుకుంటారు. నా సంగతి బయట చెప్పి ఉంటే ఒక ఏడాది నవ్వుకునేవాళ్ళు. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెప్తున్నాను. ఆ గుడ్డకు మోసపోయింది దుర్యోధనుడూ నేనూ.

ఇంక ద్రౌపదమ్మ చీర. ఈయన పడుచుతనంలో బక్కగా, సన్నటి గొంతుతో ఉండేవాడట. ద్రౌపది వేషం ఈయనకే ఇచ్చారు. మా దిక్కు అప్పుడు ఐదారు చీరలు కొసాకొసా ముడివేసి ఒంటికి చుట్టేవాళ్ళు. దుశ్శాసనుడు ఒక్కొక్కటే లాగుతూ పోతాడు. ఆ ఏడు దుశ్శాసనుడు పాకాల దిక్కు మనిషి, మోటబావిలో పనిచేసిన చేతులు. మూడో ముడి నడుము దగ్గర చిక్కుకుంది. అతను ఊపు మీద ఉండి ఒక్క గుంజు గుంజాడు. చీరలన్నీ ఒక్కసారిగా జారిపోయి, ఈయన నిక్కరుతో నిలబడ్డాడు. మిట్టంతా నవ్వారు. ఆడవాళ్ళూ నవ్వారు.

ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, కండె మారుస్తూ. "నన్ను సూసి నవ్వింటే బాధ లేదు మే. అప్పుడు నేను నేను కాదు గదా. ఆయమ్మను సూసి నవ్వినారు. సభలో ఒకతూరి నవ్వినారు, మా ఊర్లో రెండోతూరి."

ముడి లేని చీర ఒకటి తెచ్చి ఆయమ్మకు కట్టాలని అప్పుడే అనుకున్నాడట, ఆ మాట మాత్రం నాకు తర్వాతే తెలిసింది. నాలుగు చీరల పడుగంతా ఒకే చీరగా నేయాలి. ఇంట్లో పొయ్యి వెలగాల్సిన రోజుల్లో అది కుదిరే పని కాదు. వదిన పోయింది, పిల్లలు ఎదిగారు, పెళ్ళిళ్ళయ్యాయి. కళ్ళలో పొర కమ్మింది. కత్తి పెట్టాలి, ఇంక మగ్గం ఎక్కకూడదన్నారు ఆసుపత్రిలో. "ఒక్క చీర తెచ్చుకుని వస్తా" అని డాక్టరుకు చెప్పి ఇంటికొచ్చి పడుగు ఎక్కించాడు. అదే ఆయన ఆఖరి పడుగని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నలభై రోజులు నేశాడు. సగం రోజు కంటితో, సగం రోజు వేలితో. నేను పసుపు కండెలు చుట్టి ఇచ్చాను. సగమయ్యాక ఒక రోజు, "ఇంకమీద రవంత లేత పసుపు చుట్టు మే" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. మా ఇద్దరి తప్పూ అక్కడుంది.

గుడ్డ దిగిన రోజు ఆయన కంటి మందు కోసం పుత్తూరుకు పోయాడు. మరునాడు సాయంత్రం వస్త్రాపహరణం ఆట. నేను పోయేసరికి గుడ్డ చాప మీద కుప్పగా ఉంది. మడత పెడుతూ పోతే నడుమ జానెడు సందు వచ్చింది. అవతల రంగు తేడా. అలవాటు కొద్దీ ముడి వేసి కట్టే రెండు పెద్ద చీరలే అనుకున్నాను. సందుకు సరిగ్గా మధ్యలో, వంకర పోకుండా కత్తిరించాను. రెండు మడతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎలుక పట్టకుండా పైన తట్ట బోర్లించాను.

ఆయన వచ్చి తట్ట ఎత్తాడు. మొదట రాసిన జగడం అప్పుడు జరిగింది. మిగతాది ఇదీ.

"ఒకే చీర అయితే సందెందుకు పెట్టినావు? అది చెప్పు ముందు" అన్నాను.

"ఆ సందు దాకా ఆయమ్మకు మొగుళ్ళు పెట్టిన చీర మే. ఆడ్నించి దేవుడు ఇచ్చేది. రెండూ ఒకే మగ్గం మీద దిగుతాయా? ఆ పక్క ఒక నేతగాడు ఇంకొకడికి పడుగు అప్పగించేటప్పుడు జానెడు ఇడిసిపెడతాడు, వాడు పట్టుకునేదానికి. ఆ జానెడులో ఎవురూ నెయ్యలే. మొగుళ్ళది అయిపోయింది, ఆయనది ఇంకా రాలే. ఆయమ్మ చేతులెత్తి పిలిచేది ఆడనే."

విన్నాను. విన్న మాట లోపలికి దిగేలోపల నోరు ముందు పడింది. తప్పు చేసినవాళ్ళకు కోపం ఎక్కువ వస్తుంది. నాకూ వచ్చింది.

"ఆ పక్కా లేదు, ఏ పక్కా లేదు. ఆడ ఎవురూ లేరన్నా. నూలుండాది, రంగుండాది, నీ కంట్లో పొరుండాది. అంతే ఉండేది."

ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళలో ఆ కాళ్ళు ఊరికే ఉండడం నేను చూడలేదు. కాసేపటికి రెండు ముక్కలూ మడిచి పక్కన పెట్టి, "పో మే, పొద్దు పోతా ఉండాది" అన్నాడు. మామూలుగానే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి సంగటి కెలికితే ఉండలు కట్టింది.

తెల్లారగానే నేను కొబ్బరి చిప్పలో కచ్చిక బూడిద, లోటాలో గంజి తీసుకుని పోయాను. పడుగు పోగులు అతికేటప్పుడు వేలు జారకుండా బూడిద అద్దుకుంటాము. పోగు కొస మీద పోగు కొస పెట్టి, ముడి వేయకుండా పురి తిప్పి గంజి పూస్తే పట్టుకుంటుంది. నేత ఇండ్లలో అది ఆడవాళ్ళ పని.

ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. రెండు ముక్కలూ చాప మీద ఎదురెదురుగా పరిచి, ఒకదాని మీద రోకలిబండ, ఒకదాని మీద సన్నికల్లు బరువు పెట్టి, ఒక అంచు నుంచి పోగులు అతుకుతున్నాడు. బెత్తెడు మేర అయిపోయింది.

"ఎప్పుడు కూర్చున్నావన్నా?"

"కాకి అరిసినప్పుడు."

"కనపడతా ఉండాదా?"

"కంటితో ఏం పని, వేళ్ళుండాయి గదా."

నేను రెండో అంచు దగ్గర కూర్చున్నాను. రెండువేల పైచిలుకు పోగులు. వీధిలో కరెంటు మగ్గాలు మొదలయ్యాయి. కోడలు వచ్చి రెండు గ్లాసుల టీ పెట్టి, మా ఇద్దరి ముఖాలూ చూసి పోయింది. ఆయన అతికినవి చూశాను. నా అతుకుల కంటే సన్నగా ఉన్నాయి.

టీ చల్లారినాక అడిగాను. "ఆ పక్క ఎవురన్నా ఇట్ల కత్తెర పెడితే ఏం సేస్తారన్నా?"

ఆయన ఇంకో పోగు అతికి బూడిద అద్దుకున్నాడు.

"ఈ పక్కనించి ఎవుర్నన్నా పిలిపిస్తారు మే. అతికేవాళ్ళు ఆడ తక్కువ" అన్నాడు. చాప మీద ఆయన మడమ మెల్లగా ఆడడం మొదలుపెట్టింది.

పదకొండు గంటల ప్రాంతంలో ఇద్దరం నడుమ కలుసుకున్నాము. జానెడు సందు నాలుగు వేళ్ళ సందు అయింది. నా వైపు ఒక పోగు మిగిలింది. ఎక్కడో రెండు పోగులను ఒకదానికే అతికి ఉంటాము. వెతకాలంటే మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

"ఉండనీ" అన్నాడు.

పక్క పోగుతో కలిపి పురి పెట్టాను. గంజి ఆరినాక చెరో కొస పట్టుకుని లాగి చూశాము. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. నిలిచింది.

ఆయన అలసి అక్కడే చాప మీద నిద్రకు ఒరిగాడు. చీరను నేను చుట్టలా చుట్టి, తువ్వాలులో మూట కట్టి, నెత్తిన పెట్టుకుని మిట్ట దాకా నడిచాను. కొట్టం కింద ద్రౌపది వేషం కట్టేవాడు ముందర అద్దం పెట్టుకుని, మూతికి సబ్బు నురగ పూసుకుని మీసం గీసుకుంటున్నాడు. మూట విప్పాడు. మడతలు దొర్లిస్తూ పోయి సందు దగ్గర ఆగాడు.

"ఏందవ్వా, కొత్త గుడ్డ నడాన చినిగిందే" అని పిన్నీసు కోసం పెట్టెలో చేయి పెట్టాడు.

ఆ చేతి మీద ఒకటి వేశాను. "పిన్నీసు పెట్టొద్దు. అది చినుగు కాదు. ఆడదాకా మొగుళ్ళు పెట్టింది, ఆడ్నించి దేవుడిచ్చేది. నడాన ఎవురూ నెయ్యలే. ఆ సందు నీ చేతికి తగిలినప్పుడు చీర వదిలేసి రెండు చేతులూ పైకెత్తాల. ముందూ కాదు, వెనకా కాదు. అర్థమైందా?"

"అట్లని ఎవురు చెప్పినారవ్వా?"

"నేను చెప్తా ఉండా. నురగ గుడ్డ మీద కారతా ఉండాది, మూతి తుడుచుకో."

వాడు మూతి తుడుచుకుని, చేతులు కడుక్కుని వచ్చి, చీర అందుకున్నాడు.